రెండు చెవుల యాంటెన్నా

సంగీత గురించి చెప్పాలంటే ముందు ఆమె మొండితనం గురించి చెప్పాలి. చదువు, ఉద్యోగం, పరిశోధన అన్నీ దాని తర్వాతే. ఇంజనీరింగ్ చదివినన్నాళ్లూ ఒకే బెంచీ మీద కూర్చున్నాం కాబట్టి ఆ మాట అనే హక్కు నాకుంది. నా పేరు అక్షిత. సిరిసిల్ల దగ్గర ఒక కాలేజీలో ల్యాబ్ చూసుకుంటాను. సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడులో పుట్టి పెరిగినదాన్ని, అందుకే నా గొంతు పెద్దది. కోపమూ పెద్దదే అని సంగీత అంటుంది, ఆమెను నమ్మకండి.

సంగీతది బుగ్గారం. జగిత్యాలలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతూ పీహెచ్‌డీ చేస్తోంది. ఏం చేస్తున్నావమ్మా అని ఎవరైనా అడిగితే "యాంటెన్నాలు" అంటుంది. వాళ్లు వెంటనే మా డిష్ గాలికి తిరిగిపోయింది, జర చూసిపో అంటారు. పోయి చూస్తుంది కూడా! పీహెచ్‌డీ పిల్ల బంగ్లా మీదికెక్కి డిష్ తిప్పడమేమిటని నేను తిడితే, "సిగ్నల్ సిగ్నలే కదనే" అంటుంది.

ఆ పిచ్చి చిన్నప్పటిది. వాళ్ల నాన్న చంద్రయ్య మస్కట్‌లో పనిచేసేవాడు. ఇంట్లో ఫోన్ ఉన్నా సిగ్నల్ ఉండేది కాదు. నీళ్ల ట్యాంకు పక్కన గోడ మీద ఒక మూల ఉండేది, ఫోన్ అక్కడ పెడితేనే నాన్న గొంతు వినపడేది. రెండడుగులు ఇవతలికి జరిగితే కట్. ఇంట్లో అందరికీ అదొక తిప్పలు. ఈ పిల్లకు మాత్రం అక్కడే ఎందుకు వినపడుతుంది, ఇక్కడ ఎందుకు వినపడదు అన్నదే ధ్యాస. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ వెతుక్కుంటూ పీహెచ్‌డీ దాకా వచ్చింది.

మస్కట్‌లో చంద్రయ్యతో ఒకే గదిలో ఉన్న మనిషి హన్మండ్లు. ఇద్దరిదీ ఒకే ఊరు, పక్కపక్క పొలాలు. వయసులో హన్మండ్లు కాస్త పెద్ద కాబట్టి సంగీతకు పెద్దబాపు. ఇద్దరూ తిరిగొచ్చి వ్యవసాయంలో పడ్డారు. చంద్రయ్య బోరు ఎండిపోయింది. అప్పటి నుంచి ఆయన పసుపు చేనుకు నీళ్లు హన్మండ్లు బోరువే. అడగడం, ఇవ్వడం అనే మాటలే వాళ్ల మధ్య లేవు. కాలువకు ఒక పక్క మట్టి అడ్డం వేస్తే నీళ్లు ఇటు, ఇంకో పక్క వేస్తే అటు, అంతే.

ఆ బోరు మోటరుకు రిమోట్ పెట్టింది కూడా సంగీతే. బీటెక్‌లో చేసిన ప్రాజెక్టు అది. ఇంట్లో ఒక డబ్బా, మోటరు దగ్గర ఒక డబ్బా, మధ్యలో గాలి. ఇంట్లో మీట నొక్కితే పొలంలో మోటరు షురూ. సిమ్ కార్డు అక్కర్లేదు. హన్మండ్లుకు మోకాళ్ల నొప్పులు. ఆ డబ్బా వచ్చాక పొలం దాకా నడవడం తప్పింది. ఇంటికొచ్చిన చుట్టాలకు చాయ్ కన్నా ముందు ఆ డబ్బా చూపించేవాడు. "నా బిడ్డ చేసింది" అని చెప్పేవాడు. చంద్రయ్య పక్కనే కూర్చుని ఉన్నా సరే, నా బిడ్డే అనేవాడు.

మరి గొడవ ఎక్కడొచ్చింది? టవరు దగ్గర వచ్చింది. ఫోన్ కంపెనీ వాళ్లు చంద్రయ్య పొలం మూలన జాగా అడిగారు. ఇచ్చాడు. ఊరికి సిగ్నల్ వస్తుందని అందరూ సంబరపడ్డారు, హన్మండ్లు కూడా. వానలు వెనకపట్టాక మోటరు వేద్దామని మీట నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. పొలానికి నడిచి వెళ్లి చేత్తో వేస్తే బ్రహ్మాండంగా నడుస్తుంది. ఇంటికొచ్చి మీట నొక్కితే మళ్లీ మౌనం.

"నీ టవర్ అచ్చినప్పటి సంది నా రిమోట్ సచ్చిందిర" అన్నాడు హన్మండ్లు.

"నీ డబ్బ పాతగయ్యింది. నా టవర్ ఏం జేసిందే?" అన్నాడు చంద్రయ్య.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆగితే వాళ్లు వాళ్లెందుకవుతారు? మాట మీద మాట పెరిగింది. కిరాయి మీద ఆశతో దోస్తును ముంచినవని ఆయన, కండ్లల్ల నిప్పులు పోసుకుంటున్నవని ఈయన. మరునాడు హన్మండ్లు కాలువకు మట్టి అడ్డం వేశాడు. చంద్రయ్య చేనుకు నీళ్లు బంద్. మాటలూ బంద్. పసుపు ఆకు అంచులు ఎండటం మొదలైంది.

ఊళ్లో వాళ్లు హన్మండ్లుకు సలహా చెప్పారు. రిమోట్ ఎందుకే, సిమ్ పెట్టే స్టార్టర్ దొరుకుతది కదా, ఫోన్ కొడితే మోటర్ నడుస్తది అని. హన్మండ్లు ఇంతెత్తున లేచాడు. "ఆ టవర్ దయతోటి నడిచే మోటర్ నాకద్దు. మోకాళ్లు అరిగిపోయినా నడిచే పోత" అన్నాడు. ఆ మాట విని నేను నవ్వాను. సంగీత నవ్వలేదు. నాన్న చేను ఎండుతోంది, పెద్దబాపు మోకాళ్లు అరుగుతున్నాయి, తను పెట్టిన డబ్బా మీద ఇద్దరు దోస్తులు విడిపోయారు. "ఆ డబ్బ మల్ల పనిచేస్తేనే ఇద్దరు మాట్లాడుతరే" అని నాకు ఫోన్ చేసి ఏడ్చింది. కాసేపే. ముక్కు తుడుచుకుని, "దానికి చెవి మార్చాలె" అంది.

ఇది అర్థం కావడానికి మా ఇంటికి రావాలి. నా చిన్నప్పుడు సాంచాల మధ్య మా అమ్మ నిలబడి ఉంటే లోకంలోని చప్పుడంతా అక్కడే ఉండేది. అయినా నేను వాకిట్లోంచి "అమ్మా" అంటే తిరిగి చూసేది. చెవి తనకు కావలసిన గొంతును పట్టుకుని మిగతాది వదిలేస్తుంది. మోటరు దగ్గరి డబ్బాకు అలాంటి చెవి లేదు. దాని యాంటెన్నా ఏది వచ్చినా లోపలికి తీసుకునే రకం. టవరు లేనప్పుడు చెల్లింది. ఇప్పుడు రిమోట్ గొంతుకు, అంటే దాని ఫ్రీక్వెన్సీకి, పక్కనే ఉన్న గొంతులో టవరు పగలూ రాత్రీ అరుస్తోంది, ఆ అరుపులో రిమోట్ గుసగుస మునిగిపోయింది.

మామూలుగా అయితే యాంటెన్నా వెనక ఫిల్టర్ అని ఇంకో ముక్క అతికిస్తారు. ఆ డబ్బాలో అగ్గిపెట్టె పట్టేంత చోటే ఉంది. పైగా ఫిల్టర్ కూడా ఊరికే ఉండదు, దారిలో కొంత సిగ్నల్‌ను తానే మింగుతుంది. సంగీత పీహెచ్‌డీ సరిగ్గా దీని మీదే. వేరే ఫిల్టర్ లేకుండా, పలుచటి రాగి రేకు ఆకారంలోనే ఆ పని ఇమిడ్చేయడం. రేకులో ఇక్కడ ఒక గాటు, అక్కడ ఒక వంకర తోక పెడితే యాంటెన్నా ఒక గొంతుకు మాత్రం చెవుడు తెచ్చుకుంటుంది. ఆ తోకను మేం చెవి అనేవాళ్లం. ఇన్నాళ్లూ ఆ చెవులన్నీ కంప్యూటర్‌లోనే ఉన్నాయి. ఇప్పుడు ఒకటి పొలంలోకి దిగాలి.

మొదటిది హైదరాబాద్‌లో చేయించింది. అది వచ్చేసరికి దసరా దాటింది. యాంటెన్నా ఏ గొంతును ఎంత వింటుందో గీత గీసి చూపే అనలైజర్ ఒకటి నా ల్యాబ్‌లో ఉంది, దాని మీద కొలిచాం. ఆ అనలైజర్‌ను కొత్త కోడలిని చూసుకున్నట్టు చూసుకుంటాను, ఎవరినీ ముట్టుకోనివ్వను, సంగీత ఒక్కదానికే మినహాయింపు. తెర మీద గీత నడుస్తూ నడుస్తూ ఒక్క చోట గుంతలో పడింది. ఆ గుంతే చెవుడు. కానీ గుంత మరీ ఇరుకు. టవరు గొంతు వెడల్పు. సగం అరుపు ఆగింది, సగం లోపలికి వస్తూనే ఉంది.

"మల్ల మార్చాలె. హైదరాబాద్‌కు పంపుడు, ఎదురుచూసుడు అంటే పసుపు ఆగుతదా?" అంది సంగీత. అప్పుడే ఆమెకు కోరుట్ల ప్రభుదాస్ గుర్తొచ్చాడు.

ప్రభుదాస్‌ది రేడియం దుకాణం. బండ్ల మీద నంబర్లు, ఆటోల వెనక పిల్లల పేర్లు, ట్రాక్టర్ల మీద దేవుళ్లు, శిలువలు అన్నీ మిషిన్ మీద కత్తిరించి అతికిస్తాడు. రంగు కాగితం కత్తిరించే మిషిన్ పలుచటి రాగి రేకును ఎందుకు కత్తిరించదు? సంగీత జిగురున్న రాగి రేకు, సన్నటి బోర్డు పట్టుకుని పోయింది. డిజైన్ ఫైలు ఇచ్చింది. ఇదేం బండికని ప్రభుదాస్ అడిగితే మోటరుకని చెప్పింది. ఏ మోటరుకు ఏ స్టిక్కర్ వేస్తారో ఆయన ఆలోచించుకున్నాడేమో, సరే మేడం, పొద్దుగాల తీసుకపోండ్రి అన్నాడు.

మర్నాడు పొట్లం తీసుకుని, విప్పకుండానే వేములవాడ బస్సెక్కింది. రాజన్న దర్శనానికి పోయే జనంతో బస్సు కిక్కిరిసి ఉంది. ఒక చేత్తో కడ్డీ, ఒక చేత్తో పొట్లం. అక్కడ బస్సు మారి మధ్యాహ్నానికి నా దగ్గరికొచ్చింది. బల్ల మీద పెట్టి పొట్లం విప్పాం.

సంగీత గీసిన దానికి ఎడమ వైపు ఒక్కటే చెవి. ఇక్కడ రెండున్నాయి. కుడివైపు చెవి అద్దంలో చూసినట్టు ఎడమదాని జోడీ, కాకపోతే కొంచెం పొట్టి. దాని కింద, మూలన, రాగిలో ముత్యాల్లాంటి అక్షరాలు: ప్రభు రేడియం వర్క్స్, కోరుట్ల. పక్కన సెల్ నంబర్.

నేను నవ్వు ఆపుకోలేక కుర్చీ పట్టుకున్నాను. సంగీత ఫోన్ తీసింది.

"అన్నా, నేను ఒక్క చెవే గీసిన కదా. రెండోది ఎక్కడికెల్లి అచ్చింది?"

"మేడం, వంకర ఉండె. మిషిన్ల పెట్టంగనే నాకు కండ్లల్ల కొట్టింది. ఒక దిక్కున్నది, ఇంకో దిక్కు లేదు. గట్ల కోసిస్తే నా దుకాణం ఇజ్జత్ ఏం గావాలె? రెండో దానికి పైసలు తీసుకోలే, ఫ్రీగనే పెట్టిన."

"మరి అది పొట్టిగ ఎందుకున్నది?"

"కింద నా పేరు, నంబర్ ఎయ్యాలె కదా మేడం. జాగ సరిపోలే."

సంగీత ఫోన్ పెట్టేసి బల్ల మీద తల వాల్చింది. "నేను ఇంక ఇంటికి పోత" అంది. నాకు కోపమొచ్చింది. బస్సులో అంత దూరం నిలబడి వచ్చి, కొలవకుండా పోతానంటే నా అనలైజర్‌కు అవమానం కాదా? "అచ్చినవ్ కదా, ఒక్కసారి పెట్టి చూస్తే నీ సొమ్మేం పోతది?" అని అరిచాను. పక్క గదిలోంచి ఎవరో తొంగిచూశారు. చూస్తే చూడనీ.

తీగ తగిలించాం. గీత నడవడం మొదలుపెట్టింది. నడుస్తూ నడుస్తూ గుంతలో పడింది. లేవబోయి పక్కనే ఇంకో గుంతలో పడింది. రెండు గుంతలూ ఒకదాన్నొకటి ఒరుసుకుని వెడల్పాటి గొయ్యి అయ్యాయి. పొడుగు చెవి టవరు గొంతులో ఒక ముక్కను ఆపుతోంది, పొట్టి చెవి దాని పక్క ముక్కను ఆపుతోంది. రెండూ ఒకే పొడుగుంటే ఒకే పని చేసి పక్కది వదిలేసేవి. ప్రభుదాస్ తన పేరు కోసం చోటు మిగుల్చుకోవడం వల్ల పొట్టిదయింది, పొట్టిదవడం వల్ల పనికొచ్చింది.

"అక్షితా" అంది సంగీత. నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. నేను కొలత మళ్లీ మొదటి నుంచి తీశాను, అదే గొయ్యి.

అంతా ఆయన పుణ్యమే అనుకోకండి. రెండో చెవి బరువుకు అసలు గొంతే పక్కకు జరిగిపోయింది. రిమోట్ గొంతు వినాల్సిన చోట వినడం లేదు. దాన్ని వెనక్కి తేవడం సంగీత పని. బ్లేడుతో రాగి అంచును వెంట్రుకంత గీకడం, కొలవడం, మళ్లీ గీకడం. ఎక్కువ గీకితే తిరిగి అతకదు కాబట్టి ఊపిరి బిగబట్టి గీకింది. మధ్యలో కంప్యూటర్‌లో రెండు చెవులతో లెక్క కట్టి చూసింది, లెక్కా కొలతా కలిశాయి. గీత రిమోట్ గొంతు దగ్గరికొచ్చి నిలబడ్డాక ఇద్దరం ఎగిరి గంతేశాం. క్యాంటీన్‌లో మిర్చీ బజ్జీలు తెప్పించి, ప్రభుదాస్ పేరు మీద తిన్నాం. ఆయన పేరున్న మూలను ఆమె గీకలేదు. తీస్తే ఏం మారుతుందో అని భయం. నడిచేదాన్ని ముట్టుకోవద్దన్నది మా విద్యలో మొదటి సూత్రం.

ఆదివారం బుగ్గారం పోయాం. అంతకు ముందే సంగీత పెద్దబాపును అడిగింది. "నీ మొకం జూసి డబ్బ తెరువనిస్త బిడ్డా. మీ బాపు మాత్రం నా ఒడ్డు తొక్కద్దు" అన్నాడాయన. చంద్రయ్యేమో, "తొక్కుమన్నా ఎవలు తొక్కుతరు?" అన్నాడు. అని, మా వెనకే వచ్చి, తన చేను ఒడ్డు మీద పని ఉన్నట్టు అటూ ఇటూ తిరగసాగాడు. చేతిలో పార. ఆ పారతో అక్కడ చేసే పనేమీ లేదు.

సంగీత మోటరు దగ్గరి డబ్బా తెరిచి పాత యాంటెన్నా తీసి కొత్తది బిగించింది. తలెత్తితే ఎదురుగా టవరు. ఫోన్ స్పీకర్‌లో పెట్టి హన్మండ్లుకు కొట్టింది. ఆయన ఊళ్లో, ఇంట్లో ఉన్నాడు.

"పెద్దబాపు, మంచిగ వినపడుతుందా?"

"పక్కన ఉన్నట్టే వినపడుతుంది."

"మరి టవర్ దయతోటే మాట్లాడుతున్నవు కదనే."

"నొక్కాల్నా వద్దా చెప్పు" అన్నాడు.

"నొక్కు."

ఏమీ కాలేదు. మళ్లీ నొక్కమంది. ఏమీ కాలేదు. సంగీత డబ్బా మీదికి వంగింది. బిగించినవన్నీ మళ్లీ చూసింది, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. చంద్రయ్య పార నేలకు ఆనించి నిలబడిపోయాడు. నేను నా అనలైజర్‌ను తిట్టుకున్నాను, జీవితంలో మొదటిసారి.

"పెద్దబాపు" అంది సంగీత నెమ్మదిగా, "డబ్బకు కరెంట్ పెట్టినవా?"

"ఏం కరెంట్?"

"ఇంట్ల డబ్బకు. వైరు ఉంటది కదా."

"ఓ, అదా. కోపంల పీకి అటక మీద ఏసిన. ఇప్పుడే దించిన. ఆగు ఆగు."

ఏదో జరుగుతున్న చప్పుడు, ఏదో కింద పడిన చప్పుడు, ఎవరినో కసిరిన చప్పుడు. "ఆ, ఎలిగింది. నొక్కుతున్న."

టక్ అంది డబ్బా. మోటరు గురగురలాడింది. పైపులోంచి నీళ్లు ముందు దగ్గినట్టు వచ్చి, తర్వాత ధారగా పడ్డాయి. సంగీత రెండు చేతులూ పైకెత్తి అరిచింది. నేను ఇంకా గట్టిగా అరిచాను. నా గొంతు సంగతి చెప్పాను కదా, ఫోన్ లేకుండానే ఊళ్లోకి వినపడి ఉంటుంది.

నీళ్లు కాలువలో పడి హన్మండ్లు వరి మడి వైపు సాగాయి. మేం అటే చూస్తున్నాం. వంపు దగ్గరికి వచ్చిన నీళ్లు అటు పోలేదు. ఆగి, తిరిగి, చంద్రయ్య పసుపు చేనులోకి వచ్చాయి. ఇన్నాళ్లూ ఇటువైపు అడ్డంగా ఉన్న మట్టి ఇప్పుడు అటువైపు ఉంది. ఆ మట్టి ఇంకా పచ్చిగా ఉంది.

సంగీత దాన్నీ, నాన్ననూ మార్చి మార్చి చూసింది. "పెద్దబాపు, నీళ్లు మా పసుపులకు అస్తున్నయి."

"ఎర్కే."

"నువ్వే మలిపినవా? ఎప్పుడు?"

"పొద్దుగాల."

"రిమోట్ నడుస్తదో లేదో తెలువకముందేనా?"

"నడువకపోతే నేనే అచ్చి చేత్తోటి ఏస్తుంటి. ఆకు ఎండిపోతుంది బిడ్డా. ఎన్ని రోజులని చూస్త?"

ఫోన్ స్పీకర్‌లోనే ఉంది. చంద్రయ్య అంతా విన్నాడు. పార అక్కడే పడేసి, అడ్డంగా ఉన్న హన్మండ్లు ఒడ్డు తొక్కుకుంటూ మా దగ్గరికి వచ్చాడు. సంగీత చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు. నోటి దగ్గర పెట్టుకుని ఒకసారి దగ్గాడు. ఆ దగ్గు ఎవరిదో అవతల ఆయనకు చెప్పనక్కర్లేదు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. సంగీతను చూస్తే ఆమె బాహాటంగానే ఏడుస్తోంది, పళ్లన్నీ కనపడేలా నవ్వుతూ.

"నీళ్లు మంచిగ అస్తున్నయా?" అన్నాడు హన్మండ్లు.

"అస్తున్నయే" అన్నాడు చంద్రయ్య.

"నిండినంక చెప్పు. బంద్ జేస్త."

చంద్రయ్య ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని చేనులోకి దిగాడు. చెప్పులు వదిలేశాడు. సాలు సాలుకూ నీళ్లు మలుపుతూ మాట్లాడుతూనే ఉన్నాడు. మస్కట్‌లో గది, ఎవరికో పుట్టిన మనవడు, మోకాలికి పూసే నూనె, ఏవేవో మాటలు ముక్కలు ముక్కలుగా మాకు వినపడుతున్నాయి. మేమిద్దరం ఒడ్డు మీద కూర్చుని బురద కాళ్లు ఎండబెట్టుకున్నాం. నీళ్లు తాగిన పసుపు చేను వాసన బాగుంది.

చూస్తుండగానే చివరి సాలు కూడా నిండింది. మాకు ఇక్కడి నుంచే కనపడుతోంది.

"నిండిందా?" అని అడిగినట్టున్నాడు హన్మండ్లు.

"ఇంకా నిండలేదే" అన్నాడు చంద్రయ్య, ఒడ్డు మీద కూర్చోవడానికి కాస్త పొడి చోటు చూసుకుంటూ.